హెచ్చరిక దీపము

యంత్రమునకు నోరు లేదు. ఎద్దునకు నలత కలిగినచో మేత ముట్టదు. గేదెకు బాధ కలిగినచో అఱచును. వానిని చూచిన రైతు వెంటనే గ్రహించును. ఇనుముతో చేసిన మోటారుకారునకు అట్టి యుపాయము లేదు. లోపల బెల్టు తెగినను, నూనె తఱిగిపోయినను, కొంతసేపు అది మునుపటివలెనే పరుగెత్తుచుండును. పిమ్మట ఒక్కసారిగా నిలిచిపోవును. అందుచే దానిని నిర్మించినవారు దాని బాధను ముందుగా తెలుపుటకై, నడపువాని కెదురుగా నున్న పలకపై చిన్నదీపములను అమర్చిరి. ఇవియే హెచ్చరిక దీపములు.

దారిలో ఇట్టి దీపము వెలిగినప్పుడు జనులు పలువిధములుగా ప్రవర్తింతురు. కొందఱు బెదరి, కారణ మేమియు విచారింపక, కారును అచ్చటనే విడిచిపోవుదురు. కొందఱు దానిని లక్ష్యపెట్టక సాగిపోవుదురు. మఱికొందఱు తోచిన సామానెల్ల మార్చి, కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదను సామెతకు ఉదాహరణమగుదురు. దీపము చికాకు పెట్టుచున్నదని బల్బునే ఊడదీయువారును లేకపోలేదు. వీరందఱికి కొఱవడినది ఒక్కటే. ఆ దీపము ఏల వెలుగునో వా రెఱుగరు. అది యెఱిగినవానికి ఆ చిన్నవెలుగే దారి చూపును.

ఈ విషయమును గ్రహించుటకు పాతకార్లు మిక్కిలి అనుకూలములు. నేటి కార్లలో దీపములు పెక్కు. వాని వెనుక కంప్యూటరులు పనిచేయుచుండును. పాతకార్లలోనో, దీపమునుండి బయలుదేఱిన తీగను చేతితో పట్టుకొని చివఱవఱకు పోవచ్చును. మన ప్రాంతపు రోడ్లపై ఒకప్పుడు తిరిగిన స్టాండర్డ్ హెరాల్డ్ అట్టి కారు. 1948లో మద్రాసున ఏర్పడిన స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా అను సంస్థ, 1961 నుండి దానిని తయారు చేసినది. దీనికి మూలము ఇంగ్లండులో 1959లో వెలువడిన ట్రయంఫ్ హెరాల్డ్. దాని రూపమును కల్పించినవాడు జియోవన్నీ మికెలొట్టి అను ఇటలీ దేశీయుడు. ఆ హెరాల్డు చట్రమునే కుఱుచచేసి, 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను రెండు సీట్ల స్పోర్ట్సుకారును నిర్మించిరి. అది 1980 వఱకు తయారైనది. కావున మద్రాసు హెరాల్డును, ఆ స్పోర్ట్సుకారును అక్కచెల్లెండ్రనవచ్చును. ఇప్పుడు ఈ రెండును తయారగుట లేదు. పాతకార్లపై మక్కువ గలవారు మాత్రము మిగిలినవానిని కాపాడుకొనుచున్నారు. హెరాల్డ్ అను మాటకు వార్తను చాటువాడని యర్థము. ఆ కారులో నిజముగా వార్త చాటునది ఈ చిన్నదీపమే.

కారులో విద్యుత్తు ఎచ్చటనుండి వచ్చునో మొదట తెలిసికొనవలయును. అయస్కాంతపు బలము వ్యాపించిన చోట తీగచుట్టను త్రిప్పినచో, ఆ తీగలో విద్యుత్తు పుట్టును. ఈ సూత్రమును 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను. జి.కొండూరునకు సమీపమున ఇబ్రహీంపట్నములో నున్న డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రము 1979లో ఉత్పత్తి ప్రారంభించినది. అచ్చట బొగ్గు మండించి, నీటిని ఆవిరిగా మార్చి, ఆ యావిరి బలముతో పెద్ద యంత్రములను త్రిప్పుదురు. హెరాల్డులో ఆ పనిచేయు చిన్నయంత్రమునకు డైనమో అని పేరు. ఇంజను తిరుగునప్పుడు రబ్బరుబెల్టు డైనమోను త్రిప్పును. డైనమోలో పుట్టిన విద్యుత్తు పెట్రోలును మండించు నిప్పురవ్వలకును, దీపములకును ఉపయోగపడి, మిగిలినది బ్యాటరీలో చేరును. ఇంజను ఆగియున్నప్పుడు ఆ బ్యాటరీయే ఆధారము.

ఇక దీపము సంగతి. జి.కొండూరు మండలములోని వెలగలేరు కడ బుడమేటిపై రెగ్యులేటరు కలదు. వఱదనీటిని అచ్చటినుండి మళ్లింపుకాలువ ద్వారా కృష్ణానదికి పంపుదురు. కృష్ణలో నీటిమట్టము హెచ్చుగా నున్నప్పుడు కాలువనీరు నదిలోనికి దిగజాలక వెనుకకు ఎగదన్నును. 2024 సెప్టెంబరు ఆరంభమున వచ్చిన పెద్దవఱదకు ఆ కాలువకు గండ్లు పడి, విజయవాడలోని పలుపేటలు నీట మునిగెను. నీరు ఎప్పుడును ఎత్తయిన మట్టమునుండి తక్కువ మట్టమునకు ప్రవహించును. రెండు మట్టములు సమానమైనచో ప్రవాహము నిలిచిపోవును. విద్యుత్తునకును ఇదియే న్యాయము. దాని మట్టమును వోల్టులలో కొలుతురు.

రెండు చెఱువుల నడుమ ఒక గొట్టమున్నదనియు, ఆ గొట్టములో చిన్నచక్ర మున్నదనియు ఊహింపుడు. చెఱువుల నీటిమట్టములలో భేదమున్నచో నీరు ప్రవహించి చక్రము తిరుగును. మట్టములు సమమైనచో చక్రము ఆగిపోవును. కారులోని ఎఱ్ఱదీపము ఇట్టి చక్రము వంటిది. దాని యొక కొన తాళపుస్విచ్చి ద్వారా బ్యాటరీకిని, రెండవ కొన డైనమోకును కలుపబడియుండును. తాళము త్రిప్పి, ఇంజను ఇంకను నడపనప్పుడు బ్యాటరీవైపు 12 వోల్టులుండును. డైనమోవైపు ఏమియు నుండదు. కావున దీపము వెలుగును. ఇంజను నడచి డైనమో వేగముగా తిరిగినచో, రెండువైపుల మట్టములు సమమగును. అప్పుడు దీపము ఆరిపోవును.

దీనివలన ఒక ముఖ్యసత్యము తేలుచున్నది. దీపము ఫలానా భాగము చెడినదని చెప్పదు. తన రెండు కొనలకు నడుమ భేదమున్నదని మాత్రమే చెప్పును. ఆ భేదము ఏల కలిగెనో విచారించుట మనుష్యుని పని. తాళము త్రిప్పినప్పుడు దీపము వెలుగుట, ఇంజను వేగము పుంజుకొనగనే ఆరుట, ఈ రెండును ఆరోగ్యలక్షణములు. ఇంజను మిక్కిలి నెమ్మదిగా తిరుగుచున్నప్పుడు దీపము మిణుకు మిణుకుమనుటయు పాత డైనమో కార్లలో దోషము కాదు. కాని తాళము త్రిప్పినను దీపము వెలుగకున్నచో సంతోషింపరాదు. బల్బు మాడియుండవచ్చును, తీగ ఊడియుండవచ్చును. నిద్రపోయిన కావలివాడు దొంగ వచ్చినను కేక వేయజాలడు గదా!

ఇప్పుడు ఒక సందర్భమును ఊహింతము. జి.కొండూరునుండి ఒక కుటుంబమువారు, జబ్బుపడిన ముసలితల్లిని పాత హెరాల్డులో కూర్చుండబెట్టుకొని విజయవాడ ఆసుపత్రికి బయలుదేఱిరి. ప్రొద్దు క్రుంకుటకు ఇంకను గంట కలదు. మామిడితోటల నడుమ పోవుచుండగా ఎఱ్ఱదీపము వెలిగి ఆరకున్నది. ముందునకు పోవలయునా? ఆగవలయునా? ఊరక ఆగినచో రోగికి ఆలస్యము. ఆలోచింపక పోయినచో నడిదారిలో ఇంజను చెడవచ్చును. ఊహతో గాక పరీక్షతో నిర్ణయింపవలసిన ఘట్టమిది.

మొదట కారును రోడ్డుప్రక్కకు తీసి, ఇంజను ఆపవలయును. హెరాల్డులోను, స్పిట్‌ఫైరులోను ముందుభాగమంతయు ఒక్కటిగా ముందునకు వంగును; ఇంజను మూడువైపుల నుండియు కనబడును. అప్పుడు బెల్టును చూడవలయును. వాడుకలో దానిని ఫ్యాన్‌బెల్టు అందురు. ఆ బెల్టే డైనమోతోపాటు నీటిపంపును గూడ త్రిప్పును. బెల్టు తెగియున్నచో ప్రయాణము సాగింపరాదు. ఏలయన, అప్పుడు ఇంజనును చల్లబఱచు నీరు సరిగా తిరుగదు. కొద్ది దూరములోనే ఇంజను కాగి చెడిపోవును. రోగిని వేఱొక బండిలో పంపుటయే యుక్తము. వేడిగానున్న రేడియేటరు మూతను ఎంత తొందరలోనైనను విప్పరాదు. సలసల కాగిన నీరు పైకెగసి మొగమును, చేతులను కాల్చును.

బెల్టు తెగక వదులైనచో, అది జాఱుచుండును గాని డైనమోను సరిగా త్రిప్పదు. రెండు చక్రములకు నడుమ బెల్టును వ్రేలితో నొక్కినప్పుడు, అది అర అంగుళము మొదలు ముప్పావు అంగుళము వఱకు దిగుట సామాన్యముగా సరియైన బిగువు. అంతకు మించి దిగినచో డైనమో బోల్టులను పానాతో వదులుచేసి, డైనమోను వెలుపలికి లాగిపట్టి, మరల బిగింపవలయును. పెక్కుమార్లు ఇంతతోనే దీపము ఆరిపోవును. ఖర్చు లేదు, కావలసినది ఒక పానా, కొంత యోపిక మాత్రమే.

బెల్టు బాగుగానే యున్నను దీపము ఆరనిచో, డైనమోనుండి విద్యుత్తు వచ్చుట లేదని గ్రహింపవలయును. ఐనను నీటిపంపు తిరుగుచునే యున్నది కనుక ఇంజనునకు వెంటనే హాని లేదు. బ్యాటరీలోని నిల్వతో కారు కొంతదూరము పోగలదు. ఎంతదూరము? లెక్క వేయుడు. బ్యాటరీ నిల్వ 40 ఆంపియరు-గంటలు అనుకొందము. నిప్పురవ్వలకు సుమారు 4 ఆంపియరులు చాలును. 40ని 4 చే భాగించిన 10 గంటలు వచ్చును. రాత్రి పెద్దదీపములను, వెనుకదీపములను వేసినచో మఱి 10 ఆంపియరులు ఖర్చగును. అప్పుడు మొత్తము 14. 40ని 14 చే భాగించిన 3 గంటలకైనను చాలదు. ఇది నిండుగా నున్న క్రొత్తబ్యాటరీ లెక్క. పాతబ్యాటరీకి ఇందులో సగమైనను నమ్మరాదు. అయినను జి.కొండూరునుండి విజయవాడ గంటలోపల చేరదగిన దూరమే. వెలుతురుండగా, దారిలో ఇంజనును ఆపక, హారను మొదలగువానిని వాడక పోయినచో ఆ కుటుంబము క్షేమముగా చేరును. ఆపినచో మరల నడపుటకు స్టార్టరు మోటారు బ్యాటరీనుండి మిక్కిలి విద్యుత్తును లాగుకొనును. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలయునను సామెత ఇచ్చట అక్షరాల వర్తించును.

రోగిని ఆసుపత్రిలో చేర్చిన పిమ్మట, మఱునాడు విజయవాడ ఆటోనగరులో కారునకు చికిత్స చేయింపవచ్చును. నేర్పరియైన మెకానిక్కు వచ్చినవెంటనే డైనమోను విప్పడు. ఒక్క పరీక్షతో దారిని రెండుగా చీల్చును. డైనమోకు వెనుక రెండు కొనలుండును. పెద్దదానికి డి అనియు, చిన్నదానికి ఎఫ్ అనియు గుర్తులు. ఆ రెంటినుండి తీగలను ఊడదీసి, రెండు కొనలను చిన్నతీగతో కలుపును. ఆ కలిపినచోటికిని ఇంజను లోహమునకును నడుమ వోల్టుమీటరును తగిలించి, ఇంజనును నెమ్మదిగా నడపి, వేగమును కొంచెము కొంచెముగా హెచ్చించును. డైనమో మంచిదైనచో మీటరు ముల్లు తడబడక చురుకుగా పైకి లేచును. 20 వోల్టులవఱకు పోనీయకుండ అంతటితో ఆపవలయును. ఇంజనును ఎక్కువ వేగముతో త్రిప్పినచో డైనమో చెడును. ఆ కాలపు బ్రిటిషు కార్లలో చాలవఱకు బ్యాటరీ ధనధ్రువమునే బాడీకి కలిపెడివారు. కావున మీటరు తీగలను తగిలించుటకు ముందు బ్యాటరీని చూచుకొనుట మంచిది.

ముల్లు బాగుగా లేచినచో డైనమో నిర్దోషి. దోషము తీగలలోనో, రెగ్యులేటరు పెట్టెలోనో ఉన్నది. ముల్లు లేవకున్నచో దోషము డైనమోలోనే యున్నది. అప్పుడును తొందరపడి క్రొత్తది కొనవలసిన పని లేదు. డైనమోలో తిరుగు రాగిభాగమునకు తగులుచు రెండు కార్బన్ ముక్కలుండును. వానిని బ్రష్షులందురు. అవి పలకబలపమువలె అరుగుచుండును. అరిగి రాగిని తాకనిచో విద్యుత్తు వెలుపలికి రాదు. క్రొత్త బ్రష్షులు వేసి, నల్లబడిన రాగిభాగమును పెట్రోలుతో తడిపిన గుడ్డతో తుడిచినచో పెక్కు డైనమోలు మరల బ్రదుకును.

రెగ్యులేటరు పెట్టెలో కటౌటు అను చిన్నభాగము కలదు. డైనమో మట్టము బ్యాటరీని మించినప్పుడే అది తలుపు తెఱచును; తగ్గినంతనే మూయును. లేనిచో బ్యాటరీలోని విద్యుత్తు వెనుకకు ప్రవహించి వ్యర్థమగును. ఇంజను వేగము హెచ్చిన కొలది దీపము మసకగా వెలుగుచున్నచో, కటౌటు కొనలు మలినమైనవనియో, తీగల కీళ్లు వదులైనవనియో అనుమానింపవలయును. తాళము తీసివేసినను దీపము వెలుగుచునే యున్నచో కటౌటు కొనలు అతుకుకొన్నవన్నమాట. అప్పుడు మట్టము డైనమోవైపు హెచ్చు, తాళమువైపు తక్కువ. దీపము భేదమునే చెప్పునను సూత్రము ఇచ్చటను తప్పలేదు. ఇట్టిచో క్షణమైనను ఆలస్యము చేయక బ్యాటరీ తీగను ఊడదీయవలయును. లేనిచో డైనమో తీగచుట్టలు మాడిపోవును.

ఎఱ్ఱదీపమునకు ప్రక్కన మఱియొక దీపముండును. అది నూనెదీపము, అనగా ఇంజనులోని నూనె ఒత్తిడిని తెలుపునది. ఆ కాలపు కొన్ని బ్రిటిషు కార్లలో దాని రంగు పచ్చన. పచ్చదీపము క్షేమమునకు గుర్తనుకొనువాడు ఇచ్చట మోసపోవును. ఎఱ్ఱదీపము వెలిగినప్పుడు కారు కొంతదూరము పోవచ్చును గాని, ఈ దీపము నడచుచున్న ఇంజనులో వెలిగినచో ఒక్క ఫర్లాంగైనను పోరాదు. ఒత్తిడితో వచ్చు నూనె, ఇంజనులోని ఇనుపభాగముల నడుమ సన్నని పొరగా నిలిచి, అవి ఒకదానినొకటి ఒరయకుండ కాపాడును. ఆ పొర తొలగినచో కొద్ది నిమిషములలోనే బేరింగులు కరగి, వేల రూపాయల నష్టము కలుగును.

ఇంజను ప్రక్కన నున్న చిన్నస్విచ్చి, నూనె ఒత్తిడి తగ్గినప్పుడు తీగను బాడీకి తగిలించును, దీపము వెలుగును. కనుక ఇంజను ఆపి, కొంతసేపు తాళి, డిప్‌స్టిక్కు అను కొలతపుల్లను తీసి నూనెమట్టమును చూడవలయును. నూనె తక్కువైనచో పోయవలయును. నూనె సరిపడ నున్నచో, ఇంజను నడపక తాళము మాత్రము త్రిప్పి, స్విచ్చికి తగిలించిన తీగను ఊడదీసి చూడవలయును. అప్పటికిని దీపము ఆరకున్నచో, తీగ ఎచ్చటనో ఒరసికొని బాడీకి తగులుచున్నదన్నమాట. ఆరినచో స్విచ్చియైనను చెడియుండవలయును, ఒత్తిడియైనను నిజముగా లేకపోవలయును. ఈ రెంటిలో ఏదియో ఒత్తిడిమీటరు పెట్టి తేల్చువఱకు ఇంజనును నడపరాదు. స్విచ్చియే చెడినదని తనకు తాను నచ్చజెప్పుకొనుట చౌకగా తోచును గాని, పొరపాటైనచో ఇంజనే మూల్యము.

కాలక్రమమున డైనమో స్థానమున ఆల్టర్నేటరు వచ్చినది. 1970లో వెలువడిన నాల్గవ శ్రేణి స్పిట్‌ఫైరులోను ఆ మార్పు జరిగినది. అట్టి పెక్కు కార్లలో ఎఱ్ఱదీపము గుండ పోవు విద్యుత్తే ఆల్టర్నేటరులోని అయస్కాంతమునకు మొదటి బలమును ఇచ్చును. బల్బు మాడినచో ఆల్టర్నేటరు పని ప్రారంభింపకపోవచ్చును. చికాకని బల్బును ఊడదీయువాడు, తానే క్రొత్తదోషమును తెచ్చుకొన్నవాడగును.

వైద్యుడు జ్వరమును చూచి దానిని కల్పించిన రోగమును వెదకును, జ్వరమాపకమును పగులగొట్టడు. హెచ్చరిక దీపమును చూచినవాడును అట్లే చేయవలయును. మొదట ఏ దీపము వెలిగెనో చూడవలయును. పిదప ఆగవలయునా, సాగవలయునా అని నిర్ణయింపవలయును. తరువాత కంటికి కనబడు బెల్టుతో, చేతికందు తీగతో పరీక్ష ప్రారంభించి, సులభమైన దానినుండి కష్టమైన దానికి క్రమముగా పోవలయును. ఈ పద్ధతి కార్లకు మాత్రమే కాదు. ఆగిపోయిన పొలము మోటారునకును, వెలుగని వీధిదీపమునకును చెల్లును. చిహ్నమును గౌరవించి కారణమును వెదకువానికి యంత్రము మూగది కాదు.